మిషన్ లేకున్నా... చిక్కని చిన్న కప్పు!

మహా అయితే రెండు గుక్కలు. అంతకు మించి ఉండదు. బొమ్మల కొలువులో పెట్టుకునేంత చిన్న కప్పు, అందులో నల్లటి చిక్కటి కాఫీ, పైన లేత గోధుమరంగు నురగ తెట్టు. మొదటిసారి చూసినవాళ్లు 'ఇంత డబ్బు తీసుకుని ఇంతేనా ఇచ్చేది?' అనుకుంటారు. ఒకసారి అలవాటుపడ్డాక మాత్రం ఆ చేదు వెనకాల దాక్కున్న తీపి, తాగిన పది నిమిషాల తర్వాత కూడా నాలుకను వదలని ఆ కమ్మదనం మరో కాఫీని ఒక పట్టాన మెచ్చనివ్వవు.

అదే ఎస్‌ప్రెసో!

1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో 'కెఫే కాఫీ డే' మొదటి దుకాణం తెరిచింది. 2012లో ముంబయిలో 'స్టార్‌బక్స్' అడుగుపెట్టింది. ఆ మధ్యకాలంలోనే కాపుచినో, లాటే లాంటి ఇటలీ మాటలు హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో కుర్రకారు నోళ్లలో నలగడం మొదలైంది. వాటన్నిటికీ మూలం ఆ చిన్న కప్పులోని ఎస్‌ప్రెసోయే. దానికి పాలు ఎంత, నురగ ఎంత అన్నదాన్ని బట్టి పేరు మారుతుందంతే.

మరి అదే కాఫీ ఇంట్లో పెట్టుకోవాలంటే? మంచి మిషన్ ఖరీదు వేల రూపాయల్లో మొదలై లక్షల దాకా పోతుంది. ముచ్చటపడి కొన్నా, రోజూ తుడవలేక, ఉప్పునీళ్లకు గొట్టాలు పూడుకుపోయి, ఆరు నెలలకల్లా అటక ఎక్కేవి తక్కువేం కాదు. అందుకే చాలామంది అడిగే ప్రశ్న... మిషన్ లేకుండా ఆ రుచి రాదా?

వస్తుంది. అయితే మొత్తం రాదు! ఏది వస్తుందో, ఏది రాదో ముందే తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, మంచి కాఫీపొడి దండగ కాకుండానూ ఉంటుంది.

పెళ్లిళ్లలో ఇచ్చేది అది కాదు!

ముందుగా ఒక అపోహ సంగతి. మనలో చాలామందికి ఎస్‌ప్రెసో మొదట పరిచయమైంది పెళ్లి విందుల్లో, ఎగ్జిబిషన్లలో. తళతళలాడే మిషన్, దాని పక్కనుంచి వేలాడే సన్నటి గొట్టం. కప్పులో ఇన్‌స్టంట్ కాఫీపొడి, చక్కెర, పాలు వేసి ఆ గొట్టాన్ని ముంచగానే బుస్సుమంటూ ఆవిరి... చూస్తుండగానే కప్పు నిండా నురగ! పైన చిటికెడు కాఫీపొడి చల్లి చేతికిస్తారు. బోర్డు మీద 'ఎక్స్‌ప్రెసో' అని రాసి ఉంటుంది.

రుచికి వంక పెట్టనక్కర్లేదు. చలికాలం రాత్రి పెళ్లిలో దాన్ని మించింది లేదు కూడా. కానీ అందులో ఎస్‌ప్రెసో చుక్క కూడా ఉండదు. అది ఆవిరితో కాచిన పాల కాఫీ. ఆ నురగ పాలది. అసలు ఎస్‌ప్రెసోలో పాలే ఉండవు, దాని నురగ కాఫీదే.

తొమ్మిది కుక్కర్ల బలం

ఇటలీలో ఎస్‌ప్రెసోకు ఒక లెక్కుంది. 7 గ్రాముల సన్నటి పొడి. 90 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వేడి నీళ్లు. 25 సెకన్లు. కప్పులో పడేది 25 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లకు కాస్త తక్కువ. ఇవన్నీ ఇంట్లో కుదిరేవే. కుదరనిది ఒక్కటే. ఆ నీళ్లను పొడిలోంచి నెట్టే ఒత్తిడి 9 బార్లు ఉండాలి.

9 బార్లంటే ఎంత? వంటింట్లో ప్రెషర్ కుక్కర్ కూత పెట్టేటప్పుడు లోపల ఉండే అదనపు ఒత్తిడి సుమారు 1 బార్. అలాంటివి తొమ్మిది కుక్కర్ల బలాన్ని ఒక్కచోటకు చేర్చి, ఒక చిన్న పొడి బిళ్ల మీద ప్రయోగించాలన్నమాట. కారు టైరులో నింపే గాలి ఒత్తిడికి ఇది నాలుగింతలు.

ఎస్‌ప్రెసో కూడా పుట్టగానే ఇంత బలంతో పుట్టలేదు. 1884లో ట్యూరిన్‌లో ఆంజెలో మోరియోండో అనే ఆయన, 1901లో మిలాన్‌లో లుయిజీ బెజ్జేరా తయారుచేసిన మిషన్లు ఆవిరితో నడిచేవే. వాటి ఒత్తిడి ఒకటీ ఒకటిన్నర బార్లు. పైన నురగ తెట్టు ఉండేది కాదు. ఆవిరి వేడికి కాఫీ మాడు వాసన కొట్టేది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆకిల్లే గాజ్జా మీటనొక్కి స్ప్రింగు బలంతో నీళ్లను నెట్టే మిషన్లు బజారుకు తెచ్చాకే ఒత్తిడి అమాంతం పెరిగింది. కప్పు మీద మొదటిసారి బంగారు రంగు నురగ తేలింది. జనం మొదట దాన్ని అనుమానంగా చూశారట! గాజ్జా మాత్రం దాన్నే గొప్పగా చెప్పుకుని 'కాఫీ మీగడ' అని ప్రచారం చేసుకున్నాడు. ఇటలీ భాషలో అదే 'క్రెమా'.

వేయించిన గింజల్లో కార్బన్ డయాక్సైడ్ చిక్కుకుని ఉంటుంది. ఎక్కువ ఒత్తిడి దగ్గర అది నీళ్లలో కరిగి, కప్పులో పడగానే సోడా బుడ్డి మూత తీసినట్టు బుడగలై బయటికొస్తుంది. కాఫీలోని నూనెలు కూడా ఆ ఒత్తిడికే నీళ్లలో కలిసి చిక్కదనాన్నిస్తాయి. కాబట్టి ఒత్తిడి లేనిదే క్రెమా లేదు. ఎవరేం చెప్పినా సరే, పొయ్యి మీద పెట్టే ఏ గిన్నెతోనూ అసలు సిసలు క్రెమా రాదు. ఆ ఆశ ముందే వదులుకోవాలి.

మిగిలినవి... చిక్కదనం, చేదు తీపి కలిసిన ఘాటు, పాలు పోసినా తగ్గని కాఫీ రుచి. వీటిని మాత్రం ఇంట్లోనే చాలావరకు రాబట్టుకోవచ్చు. ఇటలీ వాళ్లు రోజూ చేసేదీ అదే. ఎస్‌ప్రెసో పుట్టిన దేశంలోనూ ఇళ్లలో పెద్ద మిషన్లతోనే కాఫీ కాయరు. ఎనిమిది పలకల ఓ చిన్న అల్యూమినియం గిన్నెతో కానిచ్చేస్తారు.

మీసాలాయన గిన్నె

దాని పేరు మోకా. ఇటలీకి ఉత్తరాన క్రుసినాల్లో అనే చిన్న ఊరు. అక్కడ అల్యూమినియం వస్తువులు పోతపోసే కార్ఖానా నడిపే అల్ఫోన్సో బియాలెట్టి 1933లో దీన్ని తెచ్చాడు. ఆ రోజుల్లో అక్కడి ఆడవాళ్లు బట్టలు ఉడకబెట్టే బానలో మధ్యన ఓ గొట్టం ఉండేది. నీళ్లు మరిగితే సబ్బునీళ్లు ఆ గొట్టంలోంచి పైకి తన్నుకొచ్చి బట్టల మీద పడేవి. అది చూసే ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. చాకిరేవు బానలోంచి కాఫీ గిన్నె!

అల్ఫోన్సో చుట్టుపక్కల సంతల్లో పెట్టి అమ్ముకునేవాడు. దాన్ని దేశమంతా తెలిసేలా చేసింది ఆయన కొడుకు రెనాటో. యుద్ధం తర్వాత కార్ఖానాను చేతిలోకి తీసుకుని, ఊరూరా ప్రకటనలు గుప్పించాడు. 1950ల్లో చూపుడువేలు పైకెత్తి నిలబడ్డ మీసాలాయన బొమ్మను గిన్నె మీద ముద్రించాడు. ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. 2016లో రెనాటో 93 ఏళ్ల వయసులో కన్నుమూస్తే ఆయన చితాభస్మాన్ని పెద్ద మోకా గిన్నెలోనే ఉంచి అంత్యక్రియలు జరిపారు.

మోకా అన్నది యెమెన్ దేశంలోని రేవు పట్నం పేరు. ఒకప్పుడు ప్రపంచానికి కాఫీ అక్కడినుంచే వెళ్లేది. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు ఏడు కాఫీ గింజలను దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని మన దగ్గర చెప్పుకునే కథలోనూ ఆ గింజలు వచ్చింది ఈ మోకా రేవునుంచే!

ఈ గిన్నె ఇప్పుడు మన నగరాల్లోనూ, ఆన్‌లైన్ దుకాణాల్లోనూ తేలిగ్గా దొరుకుతుంది. మిషన్ ధరతో పోలిస్తే చిల్లర డబ్బులే. మూడు భాగాలుంటాయి. కింద నీళ్ల గిన్నె. మధ్యలో కాఫీపొడి వేసే గరాటు. పైన కాఫీ వచ్చి చేరే కూజా. నీళ్లు వేడెక్కితే లోపలి ఆవిరి వాటిని కిందికి నొక్కుతుంది. వెళ్లే దారి గరాటు గొట్టమొక్కటే కాబట్టి నీళ్లు పొడిలోంచి పైకెక్కి కూజాలో పడతాయి. ఒత్తిడి దాదాపు కుక్కర్ అంతే... ఒకటి, ఒకటిన్నర బార్లు. అంటే పాత బెజ్జేరా మిషన్ చేసిన పనిని ఇది పొయ్యి మీద చేస్తుందన్నమాట.

సన్న సెగ మీద...

'మోకాలో పెట్టాం, చేదు విషం' అని మూలన పడేసినవాళ్లు చాలామందే ఉంటారు. తప్పు గిన్నెది కాదు, మంటది. మన చేయి పడితే స్టవ్ నాబ్ ఫుల్లు మీదికే పోతుంది మరి!

మూడు కప్పుల సైజు గిన్నె ఇద్దరున్న ఇంటికి చక్కగా సరిపోతుంది. ఇటలీ వాళ్ల కప్పు చిన్నది కాబట్టి 'మూడు కప్పులు' అంటే మన టీ గ్లాసుడు. దీనికి 150 మి.లీ. నీళ్లు, 15 నుంచి 17 గ్రాముల పొడి పడతాయి. నీళ్లు చల్లవి పోయకుండా వేరే గిన్నెలో ముందే కాచి పోయడం మంచిది. లేకపోతే నీళ్లు కాగేలోగా గరాటులోని పొడి వేడికి మగ్గిపోయి మాడు వాసన వస్తుంది. నీళ్ల గిన్నె పక్కన చిన్న ఇత్తడి వాల్వు కనిపిస్తుంది. కుక్కర్‌కు సేఫ్టీ వాల్వు ఎలాగో దీనికి అది అలాగ. నీళ్లు ఎప్పుడూ దాని కిందికే ఉండాలి. వేడి గిన్నెను పట్టుకుని పై కూజా బిగించాలి కాబట్టి చేతిలో గుడ్డ తప్పనిసరి.

పొడి గరాటు నిండా వేసి, పైన వేలితో సమం చేస్తే చాలు. ఇక్కడే అందరూ పొరపడేది! మిషన్‌లో పొడిని గట్టిగా అదుముతారు కదా అని మోకాలోనూ అదిమితే నీళ్లు దారి దొరక్క వాల్వులోంచి బుసకొడతాయి. కుక్కర్ అంత ఒత్తిడికి అంత గట్టి బిళ్లను ఛేదించే శక్తి లేదు. అంచు మీద పడ్డ పొడి రేణువులను తుడిచి, గట్టిగా బిగించి, చిన్న బర్నర్ మీద సన్న సెగన పెట్టాలి. మన గ్యాస్ స్టవ్ కాళ్ల మధ్య ఖాళీ ఎక్కువ, ఈ గిన్నె అడుగేమో చిన్నది. ఒరిగిపోకుండా కాళ్ల మీద చిన్న ఇనప జాలీ పెట్టుకుంటే నిశ్చింత. ఇండక్షన్ పొయ్యి మాత్రం అల్యూమినియం గిన్నెను గుర్తించదు. దానికి అడుగు తగిన స్టీలుతో చేసిన మోకాలు వేరే ఉన్నాయి.

మూత తెరిచి ఉంచి చూడండి. రెండు మూడు నిమిషాల్లో మధ్య గొట్టంలోంచి తేనెలా, ముదురు రంగులో కాఫీ నెమ్మదిగా జారడం మొదలవుతుంది. మంచిదంతా అప్పుడే వస్తుంది. చూస్తుండగానే రంగు పలచబడి పసుపురంగులోకి తిరుగుతుంది, గురగుర మోత మొదలవుతుంది. ఆ మోత దాకా ఆగకూడదు. రంగు తిరగగానే గిన్నెను దించి, అడుగు భాగాన్ని పంపు కింద చల్లటి నీళ్లలో పెడితే రావడం ఆగిపోతుంది. కాస్త కాఫీ తగ్గుతుంది, నిజమే. కానీ ఆఖర్న వచ్చే ఆ నాలుగు చెంచాలే చేదు విషమంతా మోసుకొస్తాయి.

పోసేముందు కూజాలో ఒకసారి చెంచాతో కలపాలి. మొదట వచ్చిన చిక్కటిది అడుగునే ఉంటుంది. కలపకపోతే ఒకరికి నీళ్లు, ఒకరికి తారు!

కొత్త గిన్నెలో మొదటి రెండు మూడు సార్లు పెట్టిన కాఫీ పారబోయాలి. తర్వాత తోమడానికి పీచూ, సబ్బూ అక్కర్లేదు. వేడినీళ్లతో కడిగి, విడదీసి ఆరబెడితే చాలు. తడిమీద బిగించి పెడితే అల్యూమినియం నల్లబడుతుంది. కుక్కర్ గ్యాస్కెట్ లాగే దీని రబ్బరు వాషర్ కూడా గట్టిబడ్డాక మార్చుకోవాలి.

కిటుకంతా పొడిలో...

గిన్నె సంగతి సరే. అందులో వేసేదేమిటన్నది అంతకంటే ముఖ్యం. మన ఇళ్లలోని ఫిల్టర్ కాఫీపొడి డబ్బా మీద సన్న అక్షరాలు ఒకసారి చదవండి. కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని ఉంటుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని చట్టం. అంటే మిగతా 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు! చికోరీ ఒక మొక్క వేరు. వేయించి పొడి చేస్తే నల్లటి రంగు, చిక్కదనం, ఒక రకం తీపి చేదు ఇస్తుంది. పాల కాఫీలో అది మనకు అలవాటైన రుచే, తప్పేం లేదు. కానీ ఎస్‌ప్రెసో లాంటి రుచి కావాలంటే అది పనికిరాదు. కాఫీ గింజలోని సువాసన దానికి లేదు.

గింజలు కళ్లముందే వేయించి పొడిచేసే కాఫీ దుకాణాలు దాదాపు ప్రతి పట్నంలోనూ ఒకటి రెండయినా ఉంటాయి. 'ప్యూర్, చికోరీ వద్దు' అని అడగాలి. ఒకేసారి అరకిలో కొనకుండా 100, 200 గ్రాములు కొనుక్కోవాలి. వేయించిన గింజ పొడి అయ్యాక ఘుమఘుమలు రోజుల్లోనే ఎగిరిపోతాయి. గాలి చొరని డబ్బాలో పోసి అలమరలో ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తూ ఉంటే చెమ్మ పడుతుంది.

పొడి ఎంత సన్నగా ఉండాలి? మిషన్‌కయితే దాదాపు మైదాకు దగ్గర్లో, వేళ్ల మధ్య నలిపితే గరుకు తెలిసీ తెలియనట్టు. మోకాకు అంతకంటే ఒక పిసరు బరక... బల్ల మీద వాడే మెత్తటి ఉప్పులా. ఫిల్టర్‌కు ఆడించే పొడి మోకాకు బాగానే నప్పుతుంది. ఇంట్లో మిక్సీలో వేస్తే కొంత పిండి, కొంత పలుకు అవుతుంది. పిండి అయినది చేదు దిగుతుంది, పలుకులోంచి రుచే దిగదు. మిక్సీయే గతి అయితే ఆపి ఆపి తిప్పి, టీ జల్లెడతో జల్లించడం ఉత్తమం. అసలు ఖర్చు పెట్టదలిస్తే చేత్తో తిప్పే చిన్న గ్రైండర్ మీద పెట్టడమే తెలివైన పని. తాజా పొడితో మామూలు ఫిల్టర్ కాఫీ కూడా మారిపోతుంది.

ఇక ఏ గింజ? అరబికా సువాసనకు, రోబస్టా ఘాటుకు, చిక్కదనానికి. మన దేశంలో పండేదాంట్లో మూడింట రెండు వంతులకు పైగా రోబస్టాయే. మన కాఫీని కొనే దేశాల్లో ఏళ్లుగా ఇటలీదే మొదటి స్థానమని ఎందరికి తెలుసు? ఎస్‌ప్రెసోలో క్రెమా నిలబడటానికి అక్కడివాళ్లు కలిపే రోబస్టాలో మన కొండల గింజలూ ఉంటాయి. అంటే మిలాన్‌లో కూర్చుని చప్పరించే ఆ చిన్న కప్పులో కొడగు, వయనాడ్ కొండలు ఎంతోకొంత ఉన్నట్టే!

మన అరకులో పండేది అరబికా. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి అల్లుకున్న మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు చిన్న చిన్న కమతాల్లో పండిస్తారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మోకాలో మూడు వంతులు అరబికా, ఒక వంతు రోబస్టా కలిపి చూస్తే ఘాటూ సువాసనా రెండూ దక్కుతాయి. ఘాటు చాలదనుకుంటే సగం సగం.

చేత్తో నొక్కే గొట్టం

పొయ్యితో పనిలేని మరో సాధనం ఏరోప్రెస్. చూడ్డానికి పెద్ద ఇంజెక్షన్ సిరంజీ. చాలాదూరం ఎగిరే 'ఏరోబీ' రింగు అనే ఆటవస్తువును కనిపెట్టిన అమెరికన్ ఇంజినీరు అలన్ ఆడ్లర్ 2005లో దీన్ని తెచ్చాడు. 18 గ్రాముల సన్నటి పొడి వేసి, కాగి కాస్త చల్లబడ్డ నీళ్లు 70 మి.లీ. పోసి, పది సెకన్లు కలిపి, అరనిమిషం పాటు నెమ్మదిగా నొక్కితే కప్పులో రెండు గుక్కల కాఫీ తయారు.

దీనితో 'నిజమైన ఎస్‌ప్రెసో' వస్తుందన్న మాట కొందరు అంటుంటారు. చిన్న లెక్క వేస్తే తేలిపోతుంది. గొట్టం వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు. మనిషి బలం పెట్టి పాతిక కిలోల బరువుతో నొక్కినా ఒత్తిడి 1 బార్ దాటదు. 9 బార్లు రావాలంటే ముగ్గురు నలుగురు మనుషులు ఒకేసారి దానిమీద ఎక్కి నిలబడాలి!

అయినా దీని సుగుణం దీనికుంది. కాగితపు ఫిల్టర్ వాడతారు కాబట్టి అడుగున మడ్డి ఉండదు. కాఫీ నూనెల్లో కొలెస్ట్రాల్‌ను పెంచే పదార్థం కాగితానికే అంటుకుపోతుంది. హాస్టల్లో ఉండే పిల్లలకు, ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగేవాళ్లకు ఇది మోకా కంటే నయం. మీట నొక్కి 9 బార్లు రాబట్టే చేతి ప్రెస్‌లు కూడా ఇప్పుడు వచ్చాయి. కరెంటు అక్కర్లేదు, క్రెమా నిజంగానే వస్తుంది. కాకపోతే వాటి ధర చూశాక అది మిషన్ కాదని చెప్పడం కష్టం.

ఇత్తడి ఫిల్టర్‌ను మరిచారా?

ఇవేవీ కొనదల్చుకోలేదు, ఇంట్లో పాత ఫిల్టర్ మాత్రమే ఉంది... అప్పుడు? అప్పుడు కూడా దారి ఉంది. ఫిల్టర్‌లో ఒత్తిడి సున్నా. నీళ్లు తమ బరువుకు తామే చుక్క చుక్కగా దిగుతాయి. కానీ మనవాళ్లు దానికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు... పొడి ఎక్కువ, నీళ్లు తక్కువ, తొందర లేదు. మొదటి డికాక్షన్‌కున్న పేరంతా దానివల్లే.

25 గ్రాముల పొడి, అంటే నాలుగైదు టేబుల్ స్పూన్లు. పై గ్లాసులో వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్లతో తేలిగ్గా నొక్కి, ముందు రెండు చెంచాల మరిగే నీళ్లు చల్లి అరనిమిషం ఆగాలి. పొడి ఉబ్బుతుంది. తాజా పొడి అయితే చిన్న బుడగలు కూడా వస్తాయి. తర్వాత మిగిలిన నీళ్లు, మొత్తం కలిపి 100 మి.లీ.కి మించకుండా పోసి మూత పెట్టాలి. సగం నీళ్లు పొడే తాగేస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో కింద చేరేది 50 మి.లీ. మాత్రమే. కానీ అది గ్లాసు గోడకు అంటుకునేంత చిక్కగా ఉంటుంది. ఘాటులో ఎస్‌ప్రెసోకు చుట్టమే. చల్లబడుతుందన్నదే చిక్కు. డికాక్షన్‌ను నేరుగా మంటమీద పెడితే రుచి చచ్చిపోతుంది. వేడినీళ్ల గిన్నెలో ఆ గ్లాసును దింపి వెచ్చబెట్టాలి. రెండోసారి నీళ్లు పోసి తీసే డికాక్షన్‌ను దీనికి కలపకూడదు. అది మధ్యాహ్నం పాల కాఫీకి.

నిజం చెప్పాలంటే పాలు పోసుకుని తాగేవాళ్లకు ఈ పద్ధతే చాలు. కాపుచినోలో క్రెమా ఎలాగూ పాలలో కలిసిపోతుంది. క్రెమా కోసం లక్ష పోసి, దానిమీద పాలు పోసి కలిపేసేవాళ్లకు ఏం చెప్పగలం?

నురగకు కవ్వం చాలు

పాల నురగకు ఆవిరి గొట్టమే అక్కర్లేదు. పాలలోని ప్రొటీన్లు గాలి బుడగలను పట్టి ఉంచితే నురగ. దానికి సరైన వేడి 60 నుంచి 65 డిగ్రీలు. గిన్నెను చేత్తో తాకితే ఒకటి రెండు క్షణాలకంటే ఉంచలేనంత. పొంగు వచ్చాక ఆ నురగ నిలవదు. ఫ్రిజ్‌లో చల్లగా ఉన్న ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే కాబట్టి ఆ వేడి వరకు కాచి దించేయొచ్చు. పాలవాడు పోసే విడి పాలను మాత్రం తప్పకుండా మరిగించి, చల్లార్చి, మీగడ తీసి, మళ్లీ వెచ్చబెట్టుకోవాలి.

అప్పుడు లోతైన గిన్నెలో చిన్న కవ్వం పెట్టి అరచేతుల మధ్య అరనిమిషం గిరగిరా తిప్పితే సబ్బు నురగ లాంటిది కాకుండా, వెన్నలాంటి మెత్తటి నురగ వస్తుంది. ఫ్రెంచ్ ప్రెస్ ఉంటే దాని కాడను పాతికసార్లు పైకీ కిందికీ ఆడించినా సరే. సీసాలో పోసి ఊపేవాళ్లు మాత్రం పాలు చల్లగా ఉన్నప్పుడే ఊపి, తర్వాత వెచ్చబెట్టాలి. వేడి పాలను మూత బిగించి ఊపితే మూత ఎగిరిపోతుంది.

కుక్కర్ వెయిట్ తీసి, ఆ గొట్టానికి పైపు తగిలించి పాలలోకి ఆవిరి కొట్టే ప్రయోగాలు కూడా కొందరు చేస్తుంటారు. దయచేసి వద్దు. పొయ్యి కట్టేయగానే కుక్కర్ చల్లబడి, ఆ పైపులోంచి పాలను లోపలికి లాగేసుకుంటుంది. పాలు ఎండి దారి మూసుకుపోయిన కుక్కర్‌ను మర్నాడు పప్పుకు పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మరో జాగ్రత్త మోతాదు గురించి. కప్పు చిన్నది కదా అని ఒక్కరే మోకా మొత్తం ఒంపుకోకూడదు. 15 గ్రాముల అరబికా పొడిలో సుమారు 180 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం కాఫీలోకి దిగుతుంది. రోబస్టా అయితే దాదాపు రెట్టింపు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాములు, గర్భిణులకు 200 దాటకుండా ఉండాలని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. మూడు కప్పుల మోకా ముగ్గురిది. మరీ అయితే ఇద్దరిది.

క్రెమా లేదన్న వెలితి తీరనివాళ్ల కోసం ఇటలీ ఇళ్లలో ఓ చిట్కా ఉంది. చిన్న గిన్నెలో రెండు చెంచాల చక్కెర వేసి సిద్ధంగా ఉంచుకుంటారు. మోకాలో మొట్టమొదట జారే చిక్కటి చుక్కలు ఒక చెంచాడు అందులో పోసి, తెల్లబడి మీగడలా అయ్యేదాకా చెంచాతో గిలకొడతారు. 2020 లాక్‌డౌన్‌లో 'డాల్గోనా' పేరుతో ఇంటింటా గిలకొట్టిన ఇన్‌స్టంట్ కాఫీకి, అంతకు ఎన్నో ఏళ్లముందే మన దేశంలో చక్కెరతో కలిపి గిలకొడుతున్న కాఫీకి ఇది తోబుట్టువే. కాఫీ మొత్తం వచ్చాక కప్పుల్లో పోసి, ఒక్కో కప్పు మీద ఈ మీగడ ఒక్కో చెంచా వేస్తే లేత గోధుమరంగు నురగ పైకి తేలుతుంది. చక్కెర అందులోనే ఉంది కనుక మళ్లీ వేయనక్కర్లేదు.